మబ్బు లేని గురువారం

విమానం తోక దగ్గరి సామాన్ల అరలో చెయ్యి పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని, కొమురయ్య చుంచెలుకల గూడు పీకాడు. ఏప్రిల్లో చలి మొదలైతే చాలు, దక్షిణార్ధగోళం కొసన ఉన్న ఈ ఇన్వర్‌కార్గిల్ చుట్టుపక్కల పొలాల్లోని ఎలుకలన్నీ విమానాల షెడ్డులోకి చేరతాయి. సీటు దూది, గడ్డి, కాగితం ముక్కలు కలిపి కట్టిన ఆ గూట్లో వెంట్రుకలు లేని ఎర్రటి పిల్లలు కదులుతున్నాయి. వాటిని చేట మీదికి తోసి, కంచె అవతల పారబోసి వచ్చాడు. చేతికి రబ్బరు తొడుగు ఉన్నా వేళ్ళకు ఏదో తడి అంటినట్టే ఉంది. అర అంతా సబ్బు నీళ్ళతో కడిగి, చిరిగిన కుడివైపు సీటుకు కొత్త తొడుగు వేశాడు.

రెక్క కింది మర తిప్పి గాజు కప్పులోకి కాస్త పెట్రోలు వంపాడు. నీళ్ళు దిగాయేమోనని వెలుతురుకు పట్టి చూశాడు. నూనె చూశాడు. టెంటు, మేకులు, తాళ్ళు, చిన్న స్టవ్వు ఒక్కొక్కటే తూచి అరలో సర్దాడు. రెండేళ్ళకోసారి ఈస్టర్‌కు వనాకాలో పెద్ద ఎయిర్‌షో జరుగుతుంది. చిన్న విమానాలవాళ్ళు ముందురోజే దిగి, రెక్కల కిందే టెంట్లు వేసుకుంటారు. అతనూ రత్నరాజూ ప్రతిసారీ వెళ్ళేవారు. ఈ పాత విమానంలో ఇద్దరిదీ చెరిసగం.

కొమురయ్య మాంసం ఫ్యాక్టరీలో గొర్రెల పేగులు కడుగుతాడు. కరీంనగర్ నుంచి ఇక్కడి కాలేజీలో చదువుకోవడానికి వచ్చినవాడు. చదువు అయిపోయాక దొరికిన మొదటి పని అది. మారుద్దాం మారుద్దాం అనుకుంటూనే జుట్టు నెరిసింది. ఆ వాసన గోళ్ళ సందుల్లో, చెవుల వెనక, దిండు గలీబులో ఉంటుంది. భార్య లక్ష్మి అతని బట్టలు విడిగా ఉతుకుతుంది. కూతురు స్పందనకు చిన్నప్పుడు ఒక్కసారైనా ముద్ద కలిపి పెట్టలేదు. పిల్ల వద్దనలేదు. తన చేతులంటే తనకే రోత.

కొత్తల్లో తెలుగువాళ్ళ క్రిస్మస్ భోజనాల్లో మటన్ కూర వాసనకు తట్టుకోలేక బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే, పెరుగన్నం పళ్ళెంతో వెనకే వచ్చినవాడు రత్నరాజు. ముసలివాళ్ళ ఆశ్రమంలో నర్సు. ఆ పక్కనే కూర్చుని, "ముక్కు మూసుకోకు తమ్ముడూ. మొదట్లోనే గట్టిగా పీల్చెయ్. తరవాత ముక్కే మర్చిపోద్ది. నేను రోజూ చేసే పని అదే," అన్నాడు. మర్నాడు, తను సరదాగా నడిపే చిన్న విమానం ఎక్కించాడు. పైన చల్లటి గాలి, కింద సముద్రం, ఏ వాసనా లేదు. కొమురయ్య ఏడ్చాడు. రత్నరాజు చూడనట్టు కిటికీలోంచి బయటికి చూశాడు.

కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. రత్నరాజు భార్య ఆనందమ్మ దిగి, ముందు ఒక సంచీ తీసింది.

"తమ్ముడూ, అన్నీ ఇందులో పెట్టాను. డైపర్లు పైనే ఉన్నాయి. రాత్రి ఒకసారి మారిస్తే చాలు. అన్నం మెత్తగా పిసికి పెట్టు, లేపోతే పొలమారుద్ది."

"ఫికర్ చెయ్యకు వదినా. నేను సూస్కుంట గద."

"తెల్లారేదాకా ఏకబిగిన పడుకుని రెండేళ్ళయింది. ఇవాళ గురువారం కదా, చర్చిలో ప్రభురాత్రి ఆరాధనకెళ్ళొచ్చి, ఇక పడకే," అని నవ్వింది. ఆ నవ్వులో చిన్నపిల్ల కనిపించింది.

పక్షవాతం వచ్చాక రత్నరాజు కుడిచెయ్యి పడిపోయింది. కుడికాలు ఈడుస్తాడు. నోరు ఓ పక్కకు జారి ఎప్పుడూ తడిగా ఉంటుంది. మొదట్లో కొమురయ్య ప్రతి ఆదివారం చూడటానికి వెళ్ళేవాడు. ఆ తరవాత నెలకోసారి. తరవాత పండక్కి. ఆ మనిషంటే ప్రాణం. ఆ నోరంటే రోత. పెదవి మూల మెతుకు అంటుకుని ఉంటే అటే చూపు పోయేది, ఇంటికెళ్ళాక ముద్ద దిగేది కాదు. పేగుల మధ్య బతికేవాడికి ఇదేం జబ్బని తనను తానే తిట్టుకునేవాడు. అందుకే ఈసారి ఎయిర్‌షోకు తీసుకెళ్తానని మాటిచ్చాడు.

"ఎట్లున్నవే అన్నా?" అన్నాడు కొమురయ్య కారు కిటికీలోకి వంగి.

"ఎగురుదాం," అన్నాడు రత్నరాజు. ఆ ఒక్క మాటకే గడ్డం తడిసింది.

కొమురయ్య, ఆనందమ్మ కలిసి అతన్ని కారులోంచి దింపి విమానం దాకా తెచ్చారు. కొమురయ్య అతని చంకల కింద చేతులు వేసి రొమ్ముకు ఆనించుకుని ఎత్తాడు. తడి గడ్డం అతని మెడకు తగిలింది. ఊపిరి బిగబట్టి, ఎలాగో కుడివైపు సీట్లో కూర్చోబెట్టాడు. రత్నరాజు ఎడమచెయ్యి దానంతటదే ఇంజను మీట మీదికి వెళ్ళింది. పిడిని నిమిరాడు. గొంతులోంచి గురగురమని నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే అతని లాగు నల్లబడింది. తడి కొత్త తొడుగు మీదికి పాకింది. ఆ ఇరుకులో వెచ్చటి వాసన గుప్పుమంది.

కొమురయ్య తోక వెనక్కి పరిగెత్తి పొద్దున తాగిన టీ అంతా కక్కేశాడు. మూతి తుడుచుకుంటూ తలెత్తేసరికి, విమానం వెనక కిటికీ అద్దంలోంచి రత్నరాజు కళ్ళు తననే చూస్తున్నాయి.

అతను తిరిగి వచ్చేసరికి ఆనందమ్మ తుడవడం మొదలుపెట్టింది. "ఎత్తేటప్పుడు డైపరు జారిపోయినట్టుంది తమ్ముడూ. ఐదు నిమిషాల్లో మార్చేస్తాను," అంది తలెత్తకుండా.

కొమురయ్య జేబులోంచి ఫోన్ తీశాడు. వాతావరణం చూశాడు. వనాకా దాకా దారిపొడుగునా ఆకాశం ఖాళీగా ఉంది. రెండు రాత్రులు. టెంటు మూసి ఉంటుంది. ఆ డైపర్లు, ఆ నోరు.

"వదినా, పోవుడు కష్టమే. వనాకా సరస్సు కాడ కొండల నడుమ మబ్బు దిగిందట."

ఆమె చేతులు ఆగాయి. "రేపు?"

"రేపు గూడ గట్లనే సూపిస్తుంది."

ఆమె నిలబడింది. సంచీ తీసి, మూతి దగ్గరి జిప్పు నెమ్మదిగా లాగి, తీసుకెళ్ళి కారులో పెట్టింది.

రత్నరాజు అద్దంలోంచి ఉత్తరం వైపు చూశాడు. కొండల అంచులు కత్తితో కోసినట్టున్నాయి. గాలివాటం చూపే గుడ్డసంచీ కర్రకు కదలకుండా వేలాడుతోంది. చాలాసేపు చూసి కొమురయ్య వైపు తిరిగాడు.

"మబ్బులో... ఎగరకూడదు," అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "నేనే కదా నేర్పింది."

దింపి, ఈడ్చుకుంటూ కారు దాకా తీసుకెళ్ళారు. తలుపు వేసేముందు అతను ఎడమచేత్తో కొమురయ్య మణికట్టు పట్టుకున్నాడు.

"టెంటు మేకులు లోతుగా కొట్టు తమ్ముడూ. అక్కడ... రాత్రి గాలెక్కువ."

కారు గేటు దాటి మలుపు తిరిగింది. కొమురయ్య బకెట్టు తెచ్చి సీటు కడిగాడు. తొడుగు పిండాడు, మళ్ళీ కడిగాడు. ఎవరూ లేనప్పుడు ఆ తడి ముట్టుకుంటే ఏమీ అనిపించలేదు. వాసన కూడా పెద్దగా లేదు. అది తెలిసి కడుపులో ఏదో బరువుగా దిగింది; కక్కేస్తే పోయేది కాదు.

ఇంటికి పోవచ్చు. షెడ్డు తాళం వేసి, లక్ష్మికి ఏదో ఒకటి చెప్పొచ్చు. అతను ఎక్కి కూర్చుని బెల్టు బిగించాడు. ఇంజను దగ్గి, అందుకుంది. బ్రేకులు వదలబోతూ కుడివైపు చూశాడు.

ఇందాక కారు ఆగిన చోట, ఇంజను పంకా గాలికి అణిగిపోతున్న గడ్డిలో, రత్నరాజు కుడికాలి బూటు పక్కకు ఒరిగి పడి ఉంది. చేత్తో అంటించే పట్టీ ఊడి, గాలికి లేస్తూ, వాలుతూ, మళ్ళీ లేస్తోంది.