గంట గుర్రం

సలాదో నది పొంగిన ఏడు అన్సెల్మో ఆమడ దూరం నడిచాడు. పక్కన గుర్రం ఉండగా నడిచాడు.

అది గంట గుర్రం. మెడలో గంటతో ముందు నడిచే ఆడగుర్రం. పశువులు తోలేవాళ్ళ మగగుర్రాలన్నీ కోడిపెట్ట వెంట పిల్లల్లా దాని వెంటే ఉంటాయి. పొట్టిది, మెడ బలిసినది, వీపు మీద నల్లచార. ఎండుగడ్డి తిని, మంచులో పడుకుని, తెల్లారి ఏమీ ఎరగనట్టు లేచే జాతి. లోటల్లా ఆడది కావడమే. పంపా మైదానంలో మగవాడు ఆడగుర్రం ఎక్కాడంటే వాడి మనవల దాకా ఆ నవ్వు పోదు. ఆడవాళ్ళు ఎక్కవచ్చు, పిల్లలు ఎక్కవచ్చు. ఈ నియమం పెట్టినవాడికి గుర్రాల సంగతి తెలిసుండవచ్చు గాని బుద్ధి మాత్రం లేదు.

ఆ ఉదయం అన్సెల్మో, అతని చెల్లెలి మొగుడు ఫెర్మీన్ మూడువందల ఆవులను మెరక వైపు తోలుతున్నారు. వాగు దాటుతుంటే వెంట ఉన్న మగగుర్రాలను వరద ఈడ్చుకుపోయింది. అన్సెల్మో గుర్రం ఒడ్డెక్కుతూ కాలు మడతపడి కుంటిదైంది. ఫెర్మీన్ గుర్రం జారి అతని మీదే పడి, లేచి పారిపోయింది. అతని తొడ ఎముక విరిగింది. గంట గుర్రం మీద వెయ్యడానికి ఎత్తబోతే స్పృహ తప్పాడు. ఉన్నది చిన్న దిబ్బ. చుట్టూ మోకాలి లోతు నీళ్ళు, పెరుగుతూనే ఉన్నాయి. మకాం నుంచి పడవ వస్తే తప్ప అతను బతకడు.

కళ్ళు తెరిచాక ఫెర్మీన్ చూపు ఆ గుర్రం మీద పడింది.

"ఏం బావా, ఎక్కుతావా దాన్ని?" అని తెల్లబడిన పెదాలతోనే నవ్వాడు. "ఎక్కితే ఎక్కావు గాని, లంగా కూడా కట్టుకుని పో. సారాకొట్టు వాళ్ళకి ఏడాది దాకా కబుర్లకి కరువుండదు."

"నోరు మూసుకుని పడుకో. పడవతో వస్తా."

అన్సెల్మో జూలు పట్టుకున్నాడు. కనుచూపు మేరలో మరో మనిషి లేడు. కానీ ఫెర్మీన్ చూస్తున్నాడు. దిబ్బ కనుమరుగయ్యాక ఎక్కుదామనుకున్నాడు. ఆ మైదానంలో కనుమరుగు కావడానికి కొండా లేదు, చెట్టూ లేదు. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ వెళ్ళి, ఇంత దూరం నడిచాను గదా, మిగిలింది ఎంత అనుకున్నాడు. గుర్రాన్ని పగ్గం పట్టి నడిపించుకుంటూ బురదలో నడిచాడు.

ఎక్కి వస్తే మధ్యాహ్నానికే చేరేవాడు. మకాం చేరేసరికి పొద్దు వాలింది. పడవ వెళ్ళేసరికి దిబ్బ లేదు. ఫెర్మీన్‌ని రెండోరోజు రెల్లుపొదల్లో చూశారు.

శవానికి స్నానం చేయించి, బట్టలు తొడిగాక చెల్లెలు కసీల్దా అన్సెల్మో ముందుకొచ్చి నిలబడింది.

"అన్నయ్యా, అక్కణ్ణించి ఎప్పుడు బయల్దేరావు?"

"పొద్దున్నే."

"గంట గుర్రం నీతోనే వచ్చిందిగా?"

"వచ్చింది."

"మరి?"

"నడిచాను."

ఆమె అరవలేదు. "నా ఆరేళ్ళ పిల్ల ఎక్కుతుంది దాన్ని," అంది. "జీను కూడా అడగదు." తలుపు వైపు తిరిగి, "ఆయనైనా నడిచేవాడేలే. మీరంతా అంతే," అని లోపలికి వెళ్ళిపోయింది.

అది క్షమించడం కాదని అన్సెల్మోకి తెలుసు.

మర్నాడు శవపేటిక పెట్టిన బండి ఊళ్ళోకి కదిలింది. వెనక మగవాళ్ళంతా మగగుర్రాల మీద. అందరికన్నా ముందు అన్సెల్మో, జీను లేకుండా, కాళ్ళు వేలాడేసుకుని, ఆడగుర్రం మీద. ఎవడైనా కాలుజారి పడితే వారం రోజులు చెప్పుకుని నవ్వే మనుషులు సారాకొట్టు ముందు నిలబడి ఉన్నారు. నవ్వండ్రా అనుకున్నాడు అన్సెల్మో. ఒక్కొక్కరి మొహమూ వెతుక్కుంటూ వెళ్ళాడు. వాళ్ళు టోపీలు తీసి తలలు దించుకున్నారు. ఏ నవ్వుకి భయపడి బావను నీళ్ళపాలు చేశాడో, ఆ నవ్వు ఒక్కడి దగ్గరా లేదు.