కారు వెనక మంచు

మంచు తోసే పనిలో ఉన్నవాళ్ళకి ఒక పాడు అలవాటుంది. మాలో మేము తప్ప బయట ఎవరికీ చెప్పం. తుఫాను వస్తోందంటే పార్కింగ్ లాట్ ఖాళీ చెయ్యమని అపార్ట్‌మెంట్ మేనేజరు తలుపు తలుపుకీ కాగితం అంటిస్తాడు. అందరూ కార్లు తీస్తారు, ఒక్కడు తియ్యడు. ఆ ఒక్క కారు చుట్టూ ట్రక్కుని తిప్పుకుంటూ పని చేసేసరికి మన ప్రాణం విసిగిపోతుంది. అప్పుడేం చేస్తామంటే, ట్రక్కు ముందు మంచు తోసే ఇనప రేకు, ప్లౌ అంటాం, దాని ముందు పోగుపడ్డ మంచునంతా తీసుకెళ్ళి ఆ కారు వెనక కుమ్మరించి పోతాం. వాడు లేచి పార పట్టుకుని నడుము పడిపోయేలా తవ్వుకుంటాడు, తిక్క కుదురుతుంది. న్యూజెర్సీలో ట్రక్కుకి ప్లౌ బిగించుకున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఈ పని చేసినవాడే. నేనూ చేశాను. ఎనభై నాలుగు జనవరిలో, ప్లెయిన్స్‌బరోలో, ఒక గురువారం పొద్దున.

నా అసలు పని గడ్డీ మొక్కలూ. బాపట్లలో వ్యవసాయం చదివాను. మా ఆవిడ దెబోరా నర్సు వీసా మీద ముందు వచ్చి, వెనకాల నన్ను రప్పించింది. నా డిగ్రీని ఇక్కడ ఎవడూ కన్నెత్తి చూడలేదు. సరే పొమ్మని ఒక గడ్డి కోసే మెషీన్ కొన్నాను. మూడేళ్ళు తిరిగేసరికి సొంత ట్రక్కూ, ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్సు పనీ దొరికాయి. కానీ నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ దాటితే గడ్డి పెరగదు, మళ్ళీ మార్చి దాకా మనతో ఎవరికీ పని ఉండదు. ఆ నాలుగు నెలలూ గడవాలంటే తోటపనివాళ్ళందరికీ మంచే దిక్కు. పైగా చలికాలంలో మంచు తోసేవాడికే ఎండాకాలం తోట అప్పజెబుతానని మేనేజరు మొదటే చెప్పాడు. అలా ట్రక్కు ముందు ఆ ఇనప రేకు బిగించాను.

నాకు కోపం ఎక్కువ. ఎండాకాలం ఆ కోపమంతా కలుపు మొక్కల మీద పోతుంది, ఎవరికీ నష్టం లేదు. చలికాలం నిద్ర ఉండదు, చేతులు తిమ్మిరెక్కి ఉంటాయి, కింద మూడు టన్నుల బండి ఉంటుంది. అలాంటప్పుడు నాలాంటివాడు మనుషుల మధ్య తిరగకూడదు. ఈ మాట ఇప్పుడు అంటున్నాను గానీ అప్పుడు తెలియలేదు.

ఆ కాంప్లెక్సులోనే ఆమోసుగారు ఉండేవాడు. మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టు, మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. నాకంటే ఇరవై ఏళ్ళు పైబడినవాడు, నేను అన్నయ్యా అనేవాణ్ణి. ఈ పని నాకు ఇమ్మని మేనేజరుకి చెప్పింది ఆయనే. తెల్లవారుజామున లేచి గొంతెత్తి ప్రార్థన చెయ్యడం ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. గొణుక్కోవడం కాదు, దేవుడు పక్క ఊళ్ళో ఉన్నాడన్నట్టు పిలిచేవాడు. ఊళ్ళో ఒక్కొక్కరి పేరూ, సంఘంలో జ్వరాలూ, వీసాలూ, పిల్లల పరీక్షలూ అన్నీ అప్పజెబితేగానీ లేచేవాడు కాదు. అపార్ట్‌మెంట్ గోడలు అట్టముక్కలు. పై ఇంట్లో ఉండే అమెరికన్ మొదట చీపురు కర్రతో నేల మీద కొట్టాడు. తర్వాత మేనేజరుకి రాశాడు. మేనేజరు దగ్గర నుంచి ఈయనకి ఉత్తరం వచ్చింది.

ఆమోసు అన్నయ్య ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి ప్రార్థనని కారులోకి మార్చేశాడు. ఐదున్నరకి కిందికి దిగి, ఇంజను వేసుకుని, హీటర్ పెట్టుకుని, అద్దాలు ఎత్తుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టేవాడు. నవంబరు నుంచీ ఇదే వరస. సంఘంలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నాకు మాత్రం ఆ పై ఇంటివాడంటే ఒళ్ళు మండేది. అరవై ఏళ్ళ పెద్దమనిషిని చలిలో కారులోకి తరిమాడు గదా అని. అదొక్కటే కాదు, మంచు రోజున కారు తియ్యని ఒక్కడూ వాడే. లాట్‌లో చివర, దీపస్తంభం కింద వాడి చోటు. ఆ చలికాలం రెండుసార్లు మంచు పడింది, రెండుసార్లూ వాడి కారు అక్కడే ఉంది. రెండోసారి తియ్యమని అడిగితే కిటికీలోంచి నానా మాటలూ అన్నాడు. అన్నయ్య దగ్గర చెబితే, పోనీలే తమ్ముడూ, వాడి కోసం కూడా ప్రార్థన చేస్తున్నానని నవ్వాడు. ఈయన ఇలా నవ్వుతూ ఊరుకోబట్టే వాడు నెత్తికెక్కాడని నాకనిపించింది. మూడోసారి దొరక్కపోతాడా అని మనసులో పెట్టుకున్నాను.

బుధవారం సాయంత్రం మొదలైన మంచు రాత్రంతా పడింది. నేను ఒక క్లినిక్కూ రెండు షాపులూ తోసి, ఆరు దాటాక కాంప్లెక్సుకి వచ్చాను. ఇంకా తెల్లారలేదు. లాట్ నున్నగా, తెల్లగా, ఖాళీగా ఉంది. కార్లన్నీ బిల్డింగు వెనక లాట్‌కి మార్చేశారు. చివర దీపం కింద మాత్రం ఒక్క కారుంది. నెత్తి మీదా, వెనక అద్దం మీదా, పక్క అద్దాల మీదా జానెడు మంచు. రంగు కూడా కనపడటం లేదు.

వాడే అనుకున్నాను. అనుకోవడం కాదు, వాడే అయి ఉంటే బాగుండునని కోరుకున్నాను. దొరికాడనిపించి సంతోషం వేసింది.

మొదట దాని పక్కనుంచే వెళ్ళాను. అప్పుడొకటి చూశాను. బానెట్ మీద మంచు లేదు. తడిగా, నల్లగా ఉంది. చూశానుగానీ అందులో నాకేమీ తోచలేదు. గాలి అటు కొట్టి ఉంటుంది అనుకున్నాను. నా ఇంజను హోరులో ఇంకో ఇంజను చప్పుడు వినపడదు. నా ట్రక్కు వదిలే ఆవిరిలో ఇంకో పొగ కనపడదు. కానీ బానెట్ కనపడింది. చలిలో నిలిపి ఉంచిన కారు బానెట్ ఎలా ఉంటుందో ఆ పాటికి నాకు తెలియనిది కాదు.

లాట్ మధ్యలో మంచుని పోగు చేసి, తీసుకొచ్చి, కారు వెనక దించాను. బంపరు మునిగింది. కసి తీరలేదు. ఇంకోసారి తెచ్చాను. తడి మంచు, బరువైనది, ఒకదాని మీద ఒకటి నొక్కుకుని గోడ కట్టినట్టు నిలబడింది. మూడోసారి తెచ్చింది డ్రైవరు తలుపు పక్కకి కూడా జారింది. జారనీ అనుకున్నాను. తలెత్తితే రెండో అంతస్తులో ఆమోసు అన్నయ్య వాళ్ళ వంటింటి దీపం వెలుగుతోంది. కిటికీలో దీనమ్మ వదిన నిలబడి నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మిగతా లాట్ శుభ్రం చేసి వెనక లాట్‌కి వెళ్ళిపోయాను.

వెనక లాట్‌లో మంచు గేటు దగ్గర నుంచి తోసుకుంటూ వచ్చాను. పావుగంటైంది, ఇంకో ఐదు నిమిషాలు అయిందేమో. వరస చివర ఒక మనిషి బ్రష్షుతో కారు అద్దం తుడుచుకుంటున్నాడు. ట్రక్కు లైటు పడగానే కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు తిరిగాడు. పై ఇంటివాడు. పక్కన వాడి నీలం కారు.

నేను బ్రేకు తొక్కాను. వాడు దగ్గరికి వచ్చి నా కిటికీ తట్టాడు. మొన్న తిట్టినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. ఈసారి నీకు అడ్డం లేకుండా రాత్రే తీసేశాను చూడు అని కారు చూపించాడు. నేను తీసిన చోట్లో పొద్దుపోయి వచ్చినవాళ్ళెవరో పెట్టారు, వాళ్ళకి కాగితం అందలేదేమో అని కూడా అన్నాడు.

నేను ఆ వరసంతా చూశాను. అన్నయ్యది గోధుమరంగు కారు. మంచు తుడిచినవి తుడవనివి, పాతిక కార్లున్నాయి. గోధుమరంగుది లేదు. అప్పుడు గుర్తొచ్చింది. బుధవారాలు ఆయనకి ల్యాబులో రెండో షిఫ్టు. పొద్దుపోయే వస్తాడు.

ట్రక్కు ఎలా తిప్పానో తెలియదు. ముందు లాట్‌లో ఆ కారు అలాగే ఉంది. బానెట్ ఇంకా తడిగానే ఉంది. దిగి దగ్గరికి వెళ్ళేసరికి ఇంజను చప్పుడు వినపడింది. సన్నగా, నిదానంగా, ఏ తొందరా లేకుండా నడుస్తోంది. నేను కట్టిన గోడ కింద ఎక్కడో ఉంది సైలెన్సర్ గొట్టం. పొగ బయటికి పోయే దారి లేక కారులోకే ఎక్కుతోంది.

డ్రైవరు తలుపు నడుము దాకా కూరుకుపోయింది. పార తెచ్చి తవ్వాను. నేనే నొక్కి పెట్టిన మంచు, రాయిలా ఉంది, పార దిగడం లేదు. అన్నయ్యా అని అరుస్తూ అద్దం మీద కొట్టాను. లోపల నుంచి మాట లేదు. రోజూ అంత గొంతుతో అరిచే మనిషి దగ్గర నుంచి ఒక్క మాట లేదు. పార తిరగేసి అద్దం పగలగొట్టాను. లోపలి గాలి వెచ్చగా నా మొహానికి కొట్టింది. ఆయన తల స్టీరింగ్ మీద ఆనించి ఉన్నాడు. రెండు చేతులూ జోడించే ఉన్నాయి. మొహం ఎండలో నడిచి వచ్చినవాడిలా ఎర్రగా ఉంది.

కిటికీలోంచి లాగి మంచు మీద పడుకోబెట్టాను. అప్పటికి పై ఇంటివాడు నా వెనకే పరిగెత్తి వచ్చాడు. ఆయన నోట్లో ఊపిరి ఊదింది వాడు. అంబులెన్స్‌ని పిలవమని మేనేజరు తలుపు బాదింది కూడా వాడే. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చేతులు రుద్దుతూ ఉన్నాను. దీనమ్మ వదిన చెప్పులు లేకుండా మంచులోకి వచ్చింది.

పోలీసు కుర్రాడొకడు వచ్చి ఎలా జరిగిందని అడిగాడు. గాలికి మంచు కొట్టుకొచ్చిందని చెప్పాను. నా ప్లౌ ఆనవాళ్ళు నేను తవ్వినప్పుడే చెరిగిపోయాయి. అతను రాసుకున్నాడు, మనిషిని బతికించావని నా భుజం తట్టాడు. ఆస్పత్రిలో దెబోరా కూడా అదే అంది. ఇంకో పది నిమిషాలైతే దక్కేవాడు కాదంది. తర్వాత నా మొహంలోకి చాలాసేపు చూసి డ్యూటీకి వెళ్ళిపోయింది.

అన్నయ్య బతికాడు. అయితే ఇంటికి వచ్చిన రెండు వారాలకి, పీల్చిన పొగ విషం మెదడుకెక్కి, మాట తడబడటం మొదలైంది. చెంచా పట్టుకుని దాన్నేమంటారో గుర్తుకు రాక వదిన వైపు చూసేవాడు. ఉద్యోగం మానిపించారు. ప్రార్థనకి కళ్ళు మూసుకునేవాడు, తండ్రీ అనేవాడు, అక్కడితో ఆగిపోయేవాడు. పై ఇంటివాడు ఇప్పుడు నెమ్మదిగా నడుస్తున్నాడని, పెద్దాయన నిద్రపోతాడని రేడియో కూడా పెట్టడం లేదని వదిన చెప్పింది. నేను రెండు రోజులకొకసారి కూరగాయలు తీసుకుని వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా చెబుదామనుకునేవాణ్ణి. అన్నయ్య నన్ను చూసి నవ్వేవాడు, నేను సంచీ అక్కడ పెట్టి వచ్చేసేవాణ్ణి.

మార్చి మొదటి ఆదివారం ఆయన్ని సంఘానికి తీసుకొచ్చారు. ఒక అమెరికన్ చర్చి కింది హాలు మధ్యాహ్నాలు మాకిచ్చేవారు. ఇరవై కుటుంబాలు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే సమయానికి దీనమ్మ వదిన ఆయన్ని చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించింది. ఆయన మా అందరినీ చూసి నవ్వాడు, నోరు తెరిచాడు, మాట రాలేదు. అప్పుడు ఆమే మాట్లాడింది.

"ఈయన కారులో ప్రార్థనకి కూర్చుంటే, రోజూ ముప్పావుగంట చూసి నేనే ఫ్లాస్కు పట్టుకుని కిందికెళ్ళి అద్దం కొడతానండి. కళ్ళు మూసుకున్నాడంటే ఈ మనిషికి లోకం తెలీదు. ఆవేళ కూడా దిగుదామని కోటేసుకున్నాను. కిటికీలోంచి చూస్తే మన దేవకుమారు మా కారు వెనకాలే ఉన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే మా మంచు తీస్తున్నాడు, తమ్ముడు కనిపెట్టుకుని ఉన్నాడు గదా, ఇంక నేనెందుకని కోటు విప్పేశాను. దేవుడు ముందే ఈ బిడ్డని అక్కడ నిలబెట్టాడండి."

హాలంతా ఆమెన్ అంది. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుని, దేవకుమార్ బ్రదర్ కూడా వచ్చి రెండు మాటలు చెప్పాలన్నారు. చప్పట్లు కొట్టారు. దెబోరా చప్పట్లు కొట్టలేదు. నేను లేచి ముందుకు వెళ్ళాను. కోటు విప్పేశాను అన్న మాట నా చెవుల్లోనే ఉంది. నేను అక్కడ లేకపోతే ఆమె దిగేది. అద్దం కొట్టేది. నన్ను చూసి నమ్మి ఆగిపోయింది.

అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను వదిన వైపే చూసి మాట్లాడాను.

"వదినా, నేను మంచు తియ్యలేదు. కారు వెనక పోశాను. మీ పై ఇంటివాడి కారనుకుని, కావాలనే మూడుసార్లు పోశాను."

వదిన నన్ను చూస్తూనే ఉంది. ఆమోసు అన్నయ్య నా సాక్ష్యం అయిపోయిందని మాత్రం తెలుసుకుని, ఎంతో ప్రేమగా నవ్వి, హాలంతా వినపడేలా ఆమెన్ అన్నాడు. ఇంకెవరూ అనలేదు.