టగ్గు పోచన్న

ఎల్లారెడ్డి వడ్ల కొనుగోలు కేంద్రంలో కుప్ప మీద టార్పాలిన్ పరిచి, పోచన్న నాలుగో మూల తాడు బిగిస్తున్నాడు. పడమట మబ్బు పట్టింది. కాయలు కాసిన అరచేతులు ఆయనవి. గల్ఫ్ రేవులో పదిహేడేళ్లు టగ్గు మీద తాళ్లు కట్టాడు. టగ్గంటే కొండంత ఓడలను రేవులోకి లాక్కొచ్చే బుల్లి పడవ. ఆయన పనిచేసిన టగ్గు పేరు సలీమా.

ఆయన వేసిన ముడి గాలివానకు ఊడదు. చిక్కల్లా, రైతులకూ ఊడదు.

"మొన్న నా కుప్ప విప్పనీకి మల్ల నువ్వే రావాల్సొచ్చె. గివి వడ్లా, ఓడలా?" అని భూమక్క దెప్పింది.

"ఓడ ఎన్నడన్న నన్ను తిట్టిందా అక్కా!"

నవ్వుతూనే చొక్కా జేబులో ఫోను తడుముకున్నాడు. యుద్ధం రాగానే అక్కడి నౌకాదళం సలీమాను తీసుకుంది. ఎర్రటి ఒంటికి బూడిద రంగు పూసి, ముందు భాగాన తుపాకి బిగించి, పోచన్నతో సహా పనివాళ్లను ఇళ్లకు పంపేసింది. ఇంజిను గుట్టు తెలిసిన యాకూబును మాత్రం ఉంచుకుంది. దగ్గర్లోని మహమ్మద్‌నగర్ వాడు, పోచన్నకు తమ్ముడి లెక్క. నాలుగు రోజులుగా వాడి ఫోను లేదు. పోచన్నకు ముద్ద దిగడం లేదు.

ఐదో కుప్ప దగ్గర ఫోను మోగింది. తాడు వదిలేశాడు. తెర మీద యాకూబు ముఖం!

"అన్నా, బతికే ఉన్న! నాలుగు దినాల సంది ఇక్కడ ఫోన్లు బంద్. సలీమా పోయింది. రేవుల కట్టేసి ఉండంగనే బాంబు పడ్డది. మునిగింది."

"లోపట ఎవరన్న...?"

"ఎవరు లేరు. నేవోళ్లు ఒడ్డుకు దిగిండ్రు, నేనొక్కణ్నే కావలి. వదినె మామిడికాయ తొక్కు పంపిందంటివి గద? జర ఆలస్యమైతే తెచ్చినోని గదిల అందరు నాకేస్తరని, చెప్పకుండనే ఉరికిన."

ఊరి నుంచి ఎవరు విమానమెక్కినా పదిళ్ల తొక్కు మోయాల్సిందే. అక్కడ ముందు చేరినవాడిదే రుచి.

"దొరికిందా మరి?"

"సగం డబ్బ అప్పటికే గోకిండ్రన్నా!"

పోచన్న పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. యాకూబు మిగిలాడన్న సంతోషం ఒక పక్క, పదిహేడేళ్లు అన్నం పెట్టిన సలీమా ఇక లేదన్న బాధ ఒక పక్క. ఆయన వదిలేసిన తాడు భూమక్క అందుకుని, తనకొచ్చినట్టు కట్టేసింది.

"నేవోళ్లు ఇంటికి పొమ్మన్నరన్నా, వచ్చే వారం వస్తున్న. గని గిది ఎవరికియ్యాలె?"

యాకూబు అరచెయ్యి చాపాడు. అందులో సలీమా ఇంజిను గది తాళంచెవి ఉంది. ఇత్తడిది, చేతుల్లో అరిగి అరిగి నున్నగా మెరుస్తోంది.