దిద్దిన కళ్ళు

మా అమ్మమ్మ పోయి నెల తిరగకముందే, గోడకు పెట్టడానికి ఆవిడ ఫోటో లేదన్న సంగతి బయటపడింది. ఫోటోలు లేక కాదు, పాత బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. అన్నింట్లోనూ ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. నిలబడి మూసుకుంది, కుర్చీలో కూర్చుని మూసుకుంది, ఆఖరికి మా అమ్మ పెళ్ళి ఫోటోలో కూడా మూసుకునే ఉంది.

"బతికున్నన్నాళ్ళూ నా మొహం చూడలేదు. గోడెక్కాక కూడా చూడకపోతే ఎలాగే?" అంది అమ్మ.

ఈ మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. అమ్మ చిన్నప్పుడు అమ్మమ్మ ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేది. సాయంత్రం ఇంటికొచ్చి, తడిగుడ్డ కళ్ళమీద వేసుకుని గోడకి చేరబడేది. అమ్మ పలక తెచ్చి చూపిస్తే "తర్వాత చూస్తాలే" అనేది. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదట. అక్కడ నువ్వేం చేస్తావని ఒకసారి అడిగితే "దిద్దుతాను" అంది. ఇల్లు చక్కదిద్దినట్టే స్టూడియోనీ చక్కదిద్దుతుందని, అంటే ఊడ్చి, తుడిచి, కుర్చీలు సర్దుతుందని అమ్మకి అర్థమైంది. బళ్ళో అలాగే చెప్పింది. మర్నాటి నుంచి అమ్మ పేరు "చీపురు". ఆ పేరుతోనే చదువు ముగించింది. అమ్మమ్మే ఏడాదికోసారి ఫోటో కోసం రెక్క పట్టుకుని లాక్కెళ్తే తప్ప స్టూడియో గుమ్మం తొక్కలేదు.

నేను పంతులమ్మను. శనివారం మధ్యాహ్నం రెండొందల పరీక్ష పేపర్లు సంచీలో వేసుకుని, ఆదివారమంతా వాటితోనే అనుకుంటూ ఇంటికొస్తే, అమ్మ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఫోటోల షాపుకి ఇప్పుడే వెళ్ళాలట. రేపు వెళ్దామన్నాను. మా అమ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సంచీ కూడా దించకుండా వెనక్కి తిరిగాను. కళ్ళు తెరిచిన అమ్మమ్మ ఒక్కర్తి దొరికితే అమ్మకి శాంతి, అమ్మకి శాంతి దొరికితే నాకు నిద్ర.

షాపు, చేతులు చాపితే రెండు గోడలూ అందేటంత ఇరుకు. డెబ్బై దాటిన పెద్దాయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. సంగతి విని, కళ్ళు తెరిపించడం ఇప్పుడు నిమిషం పని అన్నాడు. కూతురి కళ్ళు తల్లివాటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అమ్మవే కాస్త మార్చి పెడతానన్నాడు. పాత ఫోటోకి పాత ఫోటోలో కళ్ళే నప్పుతాయంటూ డబ్బాలోంచి అమ్మ చిన్నప్పటి ఫోటో తీసి, దాని మీద భూతద్దం పెట్టాడు. అలా పెట్టినవాడు చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత ఇంకో ఫోటో తీశాడు. ఆ తర్వాత ఇంకోటి.

"ఇవి పనికిరావమ్మా. ఈ కళ్ళు గీసినవి," అన్నాడు.

ఫోటో తీసే ఫ్లాష్ వెలిగేసరికి ఆ పాప ప్రతిసారీ రెప్ప వేసేసిందని, ఆ మూసిన రెప్పల మీద ఎవరో సన్న కుంచెతో కళ్ళు పెట్టారని చెప్పాడు. ఫోటోలు వెనక్కి తిప్పి చూపించాడు. ప్రతిదాని మూలా పెన్సిల్‌తో "కళ్ళు – ది." అని ఉంది. ది అంటే దిద్దినది. ఆయన కూడా వయసులో ఉన్నప్పుడు ఇదే పని చేశాడట. ఎక్కడ చెయ్యి పెట్టారో యజమానికి తెలియడానికి వెనక అలా రాసేవారట.

ఆ "ది" నాకు తెలుసు. గుడి చివర చిన్న వంకర. మా వంటింట్లో పిండి డబ్బా మీద అమ్మమ్మ రాతలో ఇప్పటికీ అదే వంకర ఉంది. అమ్మకీ తెలుసు. ఆ వంకర మీద వేలు పెట్టింది. ఊరందరి మొహాలూ దిద్దిన మనిషి, సొంత కూతురు తప్పుగా అర్థం చేసుకున్న ఒక్క మాట దిద్దకుండానే పోయింది. చీపురు అని ఏడిపిస్తున్నారని అమ్మ చెప్పలేదు కాబోలు. చెప్తే కదా దిద్దడానికి.

"ఒకటి చూడండి," అన్నాడు పెద్దాయన. "ఎవరైనా రెండు కళ్ళూ సమానంగా పెట్టేస్తారు, అందంగా ఉంటుందని. ఇవి గీసినవాళ్ళు ఎడమ రెప్ప కొంచెం వాల్చారు. అన్నింట్లోనూ అంతే. ఆ పిల్లని బాగా చూసిన మనిషి గీసినవి ఇవి."

మా అమ్మ ఎడమ రెప్ప ఇప్పటికీ కొంచెం వాలే ఉంటుంది. ఇన్నేళ్ళుగా పక్కనే ఉండి, ఆయన చెప్పేదాకా నేను గమనించలేదు. సిగ్గేసింది.

"ఇంతింత కళ్ళు గీయడానికి మా అమ్మకి ఎంతసేపు పట్టి ఉంటుంది?" అని అడిగింది అమ్మ.

ఒక్కో కంటికి గంట అన్నాడాయన. అదీ దిద్దేవాళ్ళ సొంతింటి ఫోటోలైతే పని గంటల్లో ముట్టుకోనిచ్చేవారు కాదట. రోజంతా నలభై మొహాలు దిద్దాక, అందరూ వెళ్ళిపోయాక కూర్చోవాలి. అప్పటికి దీపం వైపు చూస్తే కళ్ళలో కారం పోసినట్టుండేదట.

"మరి తనవి ఎందుకు దిద్దుకోలేదు?"

"ఓపిక ఉండొద్దూ, అమ్మా?"

నాకు ఇంటి దగ్గర నా కూతురు గుర్తొచ్చింది. నిన్న నోట్‌బుక్కు తెచ్చి చూపిస్తే, ఎర్ర పెన్ను కింద పెట్టకుండానే తర్వాత చూస్తాలే అన్నాను.

పెద్దాయన మంచి కళ్ళు నాలుగైదు జతలు కంప్యూటర్‌లో వరసగా పెట్టి, ఏవి కావాలో చెప్పమన్నాడు. అమ్మ వాటివైపు చూడలేదు. అమ్మమ్మ కుర్చీలో కూర్చున్న ఫోటో తీసి, చీర కొంగుతో దాని మీద దుమ్ము తుడిచి, ఆయన ముందు పెట్టింది.

"ఏమీ పెట్టొద్దండి. ఉన్నది ఉన్నట్టే పెద్దది చేసివ్వండి," అంది. డబ్బా మూత పెడుతూ, "మూసుకోనీండి. అలిసిపోయింది," అంది.

బయటికొచ్చాక అమ్మ ఆగి నా మొహంలోకి చూసింది. ఏమిటని అడిగితే ఏమీ లేదంది. పేపర్ల సంచీ నా భుజం మీంచి తీసుకుని, ఇంటిదాకా తనే మోసింది.