కుడిచేతి టికెట్టు

ముప్పయ్యేళ్లు బస్సులో అరిచి అరిచి, రిటైరయ్యాక మాట్లాడేందుకు మనిషి లేక గొంతు తుప్పుపట్టిపోయింది కండక్టరమ్మకి. భర్త పోయాక ఇంటికి తాళం వేసేదీ తనే, తీసేదీ తనే. ఇలాగే కూర్చుంటే పిచ్చెక్కుతుందని తమ్ముడు పోరితే, నా అన్నవాళ్లు లేనివాళ్ల తరఫున మాట్లాడే గార్డియన్‌గా పేరిచ్చింది. జీతం లేదు. రెండు రోజుల ట్రైనింగు, ఒక ఫైలు, ఒక బుజ్జమ్మ.

దిక్కులేనివాళ్ల హోమ్‌లో ఉండే బుజ్జమ్మకి యాభై దాటాయి. బుద్ధి అయిదేళ్ల దగ్గరే ఆగిపోయింది. నిద్రొస్తోందా అంటే ఊ, రావట్లేదా అన్నా ఊ. ఇలాంటివాళ్ల మనసు తెలుసుకోవాలంటే రెండు చేతుల్లో రెండు ఫొటోలు చూపించాలని, తర్వాత చేతులు మార్చి మళ్లీ అడగాలని ట్రైనింగులో చిలక్కి చెప్పినట్టు చెప్పారు.

ప్రతి గురువారం కండక్టరమ్మ పాత టికెట్ల కట్టలోంచి ఒకటి చింపి కుడిచేత్తో ఇచ్చేది. బుజ్జమ్మ అది దాచుకుని "అత్తా, రైట్ రైట్" అనేది. ఆ ఒక్క పిలుపు కోసం మిగతా ఆరు రోజులూ ఈడ్చేది ఆవిడ.

నిరుడు దూరపు ఊళ్లో ఇలాంటివాళ్లకే కొత్త ఇల్లొకటి తెరిచారు. బుజ్జమ్మతో ఇరవై ఏళ్లు ఒకే గదిలో ఉన్న, ఆమె పెద్దక్క అని పిలిచే ఆవిడ అప్పుడే అక్కడికి వెళ్లిపోయింది. ఇప్పుడు బుజ్జమ్మకీ చోటుంది, ఆమె ఇష్టమేంటో ఈ గురువారంలోగా రాసివ్వమన్నారు. వెళ్తే అక్కడ గార్డియన్ వేరే. ఆ ఊరికి వెళ్లాలంటే రోజంతా ప్రయాణం.

కండక్టరమ్మ ఎడమచేతిలో కొత్త ఇంటి ఫొటో, కుడిచేతిలో ఈ హోమ్ ఫొటో పట్టుకుంది. బుజ్జమ్మ ఠక్కున కుడిచెయ్యి ముట్టుకుంది. చేతులు మార్చలేదు కండక్టరమ్మ. "ఇక్కడే ఉంటానంది" అని గబగబా రాసేసి మెట్లు దిగింది.

గేటు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ చెయ్యి టికెట్టిచ్చే చెయ్యి. అందులో ఏముంటే అదే ముట్టుకుంటుందని తనకి తెలియదా? ఎవరి టికెట్టు ఎవరికి కొడుతున్నావే అని తనని తనే తిట్టుకుంది.

మళ్లీ పైకెళ్లింది. ఈసారి ఫొటోలు రెండూ బల్లమీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంది. బుజ్జమ్మ చేతుల కోసం వెతికింది. దొరకలేదు. అప్పుడు ఫొటోలకేసి వంగి చూసింది. కొత్త ఇంటి అరుగు మీద కూర్చున్న మనిషి మీద వేలు పెట్టింది.

"పెద్దక్క," అంది. ఆ ఫొటో తీసి టికెట్లతో పాటు దాచుకుంది.

కండక్టరమ్మ రాసింది కొట్టేసి మళ్లీ రాసింది. అక్షరాలు అలుక్కుపోయాయి.

వ్యాను వచ్చిన రోజు ఆఖరి టికెట్టిచ్చింది. "రైట్ రైట్" అంది బుజ్జమ్మ. వ్యాను మలుపు తిరిగింది. వెనక్కి తిరిగి చూడలేదు పిచ్చితల్లి, చూడాలని ఎవరూ నేర్పలేదు.

ఆ తర్వాతి గురువారం కండక్టరమ్మ అలవాటు కొద్దీ తలదువ్వుకుని, హోమ్‌వైపు వెళ్లే అదే బస్సెక్కి, అదే కిటికీ పక్కన కూర్చుంది. కొత్త కండక్టరు మిషను పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఎక్కడికమ్మా?"

ముప్పయ్యేళ్లు తను అందరినీ అడిగిన మాటే. ఆవిడ ఊరి పేరు చెప్పకుండా టికెట్టు కోసం కుడిచెయ్యి చాపింది. వెనకాల జనం ఉన్నారు, అతను కాసేపు చూసి ముందుకెళ్లిపోయాడు.