పేరు లేని చీటీ

ప్రభువు బల్లలో ద్రాక్షరసం పోసే చిట్టి గ్లాసులు అరవై. ఆరాధన అయ్యాక అవన్నీ కడిగేది నేనే. గుడి ఊడ్చేదీ, పాస్టరుగారి తెల్లచొక్కా ఇస్త్రీ చేసేదీ, ప్రార్థన చీటీల పెట్టె ఖాళీ చేసి ఆయన చేతికిచ్చేదీ నేనే. దీనికి పేరు సేవ. జీతం పరలోకంలో ఇస్తారట.

పెళ్ళికి ముందు నేను నర్సుని. ఆసుపత్రి వాళ్ళు రెండుసార్లు మళ్ళీ రమ్మన్నారు. రెండుసార్లూ పాస్టరుగారు, అంటే మా ఆయన, కాసేపు కళ్ళు మూసుకుని, "ప్రభువు ఒప్పుకోవడం లేదు" అన్నారు. "పాస్టరమ్మ రోగుల పక్కలు సర్దుతుంటే సంఘం ఏమనుకుంటుందే?" అంది అత్తయ్య. అదే ఆయన కారు కొంటానన్నప్పుడు ప్రభువు క్షణం కూడా ఆలోచించలేదు. పదకొండేళ్ళుగా దేవుడు నాతో ఏం చెప్పాలన్నా ఆయన నోటి గుండానే రావాలి. నిజం చెప్పొద్దూ, దేవుడి మీద కూడా ఒళ్ళు మండింది.

మొన్న మూడోసారి కబురొచ్చింది. సోమవారం చేరాలి. ఆయనకు చెప్పలేదు. శనివారం చీటీల పెట్టె సర్దుతూ ఎడమచేత్తో ఒక చీటీ రాసి అందులో కలిపాను: "ఉద్యోగం వచ్చింది. భర్త వద్దంటాడు. దేవుని చిత్తం చెప్పండి." రాస్తుండగానే లోపల ఎవరో వెళ్ళమన్నారు. అదెవరి గొంతో నేనెవర్నీ అడగలేదు.

పేరు లేని చీటీలకు ప్రసంగం చేసే పులుపిటు మీదే జవాబు చెప్పడం మా సంఘంలో అలవాటు. ఆ ఆదివారం ప్రసంగం స్వాతంత్ర్యం మీద. క్రీస్తు విడిపించినవాళ్ళు మళ్ళీ మెడకు కాడి ఎత్తుకోకూడదని గొంతు చించుకుని, ఆ ఊపులోనే నా చీటీ విప్పారు.

"చెల్లీ, నువ్వెవరో నాకు తెలీదు. ప్రభువు చెప్తున్నాడు, వెళ్ళు! మొగుడికి భయపడి దేవుడిచ్చిన ప్రతిభని, ఆ తలాంతుని, మట్టిలో పాతిపెట్టకు!"

సంఘమంతా ఆమెన్ అంది. అత్తయ్య రెండుసార్లు అంది.

సోమవారం పొద్దున గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఆయన అడ్డొచ్చారు.

"ఎక్కడికి? ఎవర్నడిగి?"

"ఆసుపత్రికండీ. నిన్నటి చీటీ నాదే."

ఆయన మొహం మాడిపోయింది. "అది వేరే విషయం. ఆగు, మళ్ళీ ప్రార్థన చేసి చెప్తాను" అని కళ్ళు మూసుకున్నారు.

ఆయన కళ్ళు తెరిచేలోపు నేను వీధి మలుపు దాటేశాను.