ఒట్టి చేతుల పండగ

దూదిపింజ ఒకటి కిటికీలోంచి వచ్చింది.

తొందర లేదు దానికి. బరువు లేదు. డిసెంబరు పొద్దుటి చలిలో అటూ ఇటూ ఊగింది. గోడ మీది క్యాలెండరును పలకరించింది. మంచం మీది దుప్పటి అంచున మెల్లగా వాలింది.

నరసరావుపేటలో ఈ నెలంతా ఇంతే. మిల్లుకు పోయే పత్తి లారీలు వీధి మలుపులో వేపకొమ్మల్ని రాసుకుంటూ పోతాయి. కొమ్మలకు దూది. కరెంటు తీగలకు దూది. డాబాల మీద కట్టిన క్రిస్మస్ నక్షత్రాలకు దూది. ఎక్కడో చలిదేశాల్లో ఈ పండక్కి మంచు కురుస్తుందట.

ఇక్కడ పత్తి కురుస్తుంది.

మంచం మీది పెద్దాయన దూదిపింజను చూశాడు. ఎడమచేతి చూపుడువేలును జాగ్రత్తగా దాని దాకా తీసుకుపోయాడు.

"స్తోత్రం," అన్నాడు.

జావ గిన్నెతో వస్తున్న రాహేలు విన్నది. నవ్వుకుంది.

అది సంతోషపు స్తోత్రం.

పెద్దాయన పేరు దేవానందం. రాహేలుకు మామగారు. ఈపూరు బడిలో తెలుగు చెప్పి చెప్పి, ఆ చెప్పినదాంట్లో పొల్లు పోతే పిల్లల చెవులు మెలిపెట్టిన మాస్టారు. పక్షవాతం వచ్చి కుడిచేయి తీసుకుంది. కుడికాలు తీసుకుంది. పోతూ పోతూ మాటలన్నీ మూట గట్టుకుపోయింది. ఆ మూటలోంచి ఒక్క మాట జారిపడ్డట్టుంది... అదొక్కటే మిగిలింది.

స్తోత్రం.

ఆకలైతే స్తోత్రం. దిండు జారితే స్తోత్రం. కూరలో ఉప్పు తగ్గితే సాగదీసిన స్తోత్రం. కొడుకు బాబూరావు టీవీలో వార్తలు మార్చేస్తే పళ్ల మధ్య నలిగిన స్తోత్రం — అది అచ్చంగా తిట్టు. మొన్న పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తుంటే మామయ్య మధ్యలో "స్తోత్రం, స్తోత్రం" అని గట్టిగా అందుకున్నాడు. అయ్యగారు పొంగిపోయి ప్రార్థనను ఇంకాస్త పొడిగించారు. పాపం, మామయ్య అడిగింది ఒంటేలుకు మంచం కింది డబ్బా.

ఏ స్తోత్రం ఏమిటో రాహేలు ఒక్కదానికే తెలుసు.

అందుకే ఆమె గడప దాటదు. దాటినా వీధి చివర మందుల కొట్టు దాకా... పరుగున పోయి పరుగున వస్తుంది.

పండగ నెల వచ్చిందంటే వీధికి రాహేలు మీద ప్రేమ పొంగుతుంది.

ఆ ప్రేమ స్టీలు పళ్లెంలో వస్తుంది. పైన చేతిరుమాలు కప్పుకొని వస్తుంది.

"మామను చూసుకుంటా ఒక్కతే ఏం వండుకుంటదిలే పాపం," అంటారు. కిరాణా కొట్టు కన్యకాపరమేశ్వరిగారు సున్నుండలు పంపుతారు. ఎదురింటివాళ్లు బూరెలు. చర్చివాళ్లు కేకు ముక్కలు. మామయ్యకు షుగరని వీధిలో అందరికీ తెలుసు. అయినా అందరూ తీపే పంపుతారు. పండగాయె మరి.

పళ్లెం వచ్చిన ఇంటికి పళ్లెం ఖాళీగా తిరిగి పోకూడదు. ఈ వీధిలో ఎవరూ రాయని చట్టం అది. గుప్పెడు పంచదారైనా వేసి పంపాలి. రాహేలు పంచదార వేసి పంపే మనిషి కాదు. జంతికలో వాము సమంగా పడాలి. గవ్వ మీద గీతలు తిన్నగా రావాలి. కాబట్టి ఒక పొయ్యి మీద రాగిజావ, ఇంకో పొయ్యి మీద నూనె మూకుడు. ఒక చేత్తో మామయ్యను పక్కకు తిప్పుతూ, ముక్కుతో వంటింటిని వాసన పడుతూ —

"ఒక్క నిమిషం మామయ్యా. మాడతన్నయ్."

"స్తోత్రం," అంటాడాయన ఓపిగ్గా.

పళ్లెం నిండి పోతుంది. పోయిన పళ్లెం ఆ ఇంట్లో మాత్రం ఖాళీ చేతులతో ఉంటుందా... ఇంకో పళ్లెం బయల్దేరుతుంది.

ఒకరోజు అలసిపోయి, కన్యకాపరమేశ్వరిగారి సున్నుండల్నే తీసి ఎదురింటి పళ్లెంలో సర్దింది రాహేలు. నాలుగు రోజులకు చర్చి పక్క ఇంటినుంచి సున్నుండలు వచ్చాయి. పైనున్నదాని మీద ఎండుద్రాక్ష వంకరగా ఉంది. పక్కన వేలి నొక్కు. రాహేలు గుర్తుపట్టింది. నిలబడి, గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఆ సున్నుండ వీధంతా చూసి వచ్చింది.

రాహేలు చూడలేదు.

ఆడబిడ్డ రేచల్ మాచర్ల నుంచి ఫోన్ చేస్తుంది. "వదినా, నీ ఆరోగ్యం గూడా చూసుకో. నువ్వు బాగుంటేనే నాన్న బాగుంటాడు."

"సరే రేచల్."

మంచి మాటే. ఎట్లా చూసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఏ పూట చూసుకోవాలో, ఆ పూట మామయ్య దగ్గర ఎవరు కూర్చోవాలో... ఆ మాట రాకముందే ఫోన్ అయిపోతుంది.

భర్త బాబూరావు మంచివాడు. చానా మంచివాడని చర్చిలో అందరూ అంటారు. అతను లేకపోతే పండక్కి బల్బు వెలగదు, మైకు పలకదు, పందిరి లేవదు. క్రిస్మస్ వారమంతా ఇంటికి చొక్కా మార్చుకోవడానికి వస్తాడు. గోడ మీది దుమ్ము చూసినట్టే రాహేలును చూస్తాడు — ఉందని తెలుసు, చూడడు.

రాహేలుకు ఉన్న బాధ ఒక్కటే. అదీ పాట.

క్రిస్మస్ పొద్దున ఆరాధనలో స్త్రీల సమాజం పాడే పాటను ఇంతకుముందు రాహేలే ఎత్తుకునేది. కింద ఎత్తుకునేది. నేలకు దగ్గరగా, జొన్నచేలో గాలిలాగా. అక్కడనుంచి చరణం దాకా మెల్లగా ఎక్కేది. వెనక అందరి గొంతులూ ఎక్కేవి.

మామయ్య మంచాన పడ్డాక మూడు క్రిస్మస్‌లు పోయాయి. మూడుసార్లూ చర్చి మైకులో పాట ఇంటి దాకా వచ్చింది. మూడుసార్లూ సమాజం వాళ్లు పల్లవినే వేపచెట్టు చివరన పట్టుకున్నారు. వంటింట్లో గరిటె పట్టుకుని రాహేలు బతిమిలాడుకునేది —

కింద... కింద ఎత్తుకోండే తల్లీ...

వినపడదు కదా. చరణం వచ్చేసరికి పైకి పోవడానికి ఆకాశం మిగలదు. గొంతులు ఒక్కొక్కటే రాలిపోతాయి. చివరకు కీబోర్డు ఒక్కటే పాడుకుంటుంది.

ఈసారి సమాజానికి చిలకపచ్చ చీరలు తీశారు. అందరికీ ఒకటే రంగు. రాహేలుకూ ఒకటి వచ్చింది. బీరువాలో పెట్టింది. మడత విప్పలేదు. జాకెట్టు ముక్క కత్తిరించలేదు.

అప్పుడప్పుడు బీరువా తీసి చూస్తుంది.

మూస్తుంది.

పండగ ముందురోజు మధ్యాహ్నం గేటు చప్పుడైంది.

కుల్సుం. మూడిళ్ల అవతల మిషను కుట్టుకునే కుల్సుం అక్క. వీధిలో ఆడవాళ్ల కొలతలన్నీ ఆమె దగ్గర ఉంటాయి.

రాహేలు కళ్లు ముందు కుల్సుం చేతుల మీదకే పోయాయి. అలవాటు. ఏ పళ్లెం, ఎంత పళ్లెం, దేంతో నింపాలి...

పళ్లెం లేదు. గిన్నె లేదు. సంచి లేదు.

"ఏంది చూస్తన్నావ్?" అంది కుల్సుం చేతులు రెండూ తిప్పి చూపిస్తూ. "ఏం తేలా. తెస్తే మళ్లీ నువ్వు నూనె పెడతావ్ పొయ్యి మీద. రంజానుకు సేమ్యా పంపిస్తే గిన్నెడు గవ్వలు తెచ్చావ్ గుర్తుందా? ఆ రోజు నీ మొహం చూశా. గవ్వలు గొంతు దిగలా నాకు."

"అట్టా కాదక్కా —"

"ఎట్టానో నాకు తెలుసులే. మీ సమాజం జాకెట్లన్నీ నా మిషను కిందికొచ్చినయ్. నీ ముక్క రాలా. ఏమే?"

"నేనెక్కడికి పోతా అక్కా. మామయ్య..."

"రేపు పొద్దున నేను కూసుంటా మీ మామ దగ్గర. నువ్వు పోయి పాడు. మూడేళ్ల నుంచి వింటన్నా మీవాళ్ల పాట. పండగపూట మా వీధికేంది ఈ శిక్ష?"

రాహేలుకు నవ్వొచ్చింది.

"వద్దులే అక్కా. నీకెందుకు శ్రమ. ఆయన మాట నీకు తెలవదు."

"నీకు పుడతానే తెలుసా? చెప్పు. నేర్చుకుంటా."

అలా మొదలైంది పాఠం.

రాహేలు మంచం పక్కన నిలబడింది. ఇది నీళ్లకు అక్కా — స్తోత్రం. ఇది దిండుకు — స్తోత్రం. ఇది డబ్బాకు, కొంచెం తొందరగా ఉంటది — స్తోత్రం. కుల్సుం ఒక్కొక్కటీ అని చూసింది. ముక్కు మీద వేలేసుకుని, తల పంకించి, మళ్లీ అంది. బడిలో వల్లె వేసినట్టు.

మాస్టారు వింటున్నాడు. ఎడమ కనుబొమ్మ పైకి లేచింది. చాలా కాలం తర్వాత ఆయన ముందు ఎవరో పాఠం తప్పుతున్నారు.

"స్తోత్రం!" అన్నాడు ఉన్నట్టుండి. గట్టిగా. గుండ్రంగా.

"ఇదేందే?"

రాహేలు ఆలోచించింది. నీళ్లు కాదు. దిండు కాదు. "ఏమో అక్కా... ఇది నేనెప్పుడూ వినలా."

మాస్టారు సగం మొహంతో నవ్వాడు. భుజం ఊగేలా నవ్వాడు.

"మనిద్దర్నీ ఆడిస్తన్నాడే మీ మామ," అంది కుల్సుం. "బతికినన్నాళ్లూ పంతులే. ముక్క ఇటియ్యి, కొలత తీసుకుని పోతా."

సాయంత్రం నక్షత్రాలు వెలిగే వేళకు జాకెట్టు వచ్చింది. "పాత కొలత కంటే రెండు వేళ్లు లోపలికి కుట్టా," అంది కుల్సుం.

రాహేలు చిక్కిందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. రాహేలుకూ తెలియదు. టేపుకు తెలిసింది.

క్రిస్మస్ పొద్దున.

చిలకపచ్చ చీర. తల్లో చామంతులు. కుల్సుం ఒట్టి చేతులతో వచ్చి మంచం పక్క కుర్చీలో కూర్చుంది. రాహేలు గేటు దాకా పోయింది. వెనక్కి వచ్చింది.

"అక్కా, జావ మరీ వేడిగా —"

"తెలుసు."

మళ్లీ గేటు. మళ్లీ వెనక్కి.

"మాత్ర తిన్నాక —"

"ఇంకోసారి వెనక్కొచ్చావంటే మాస్టారూ నేనూ కలిసి తలుపేసుకుంటాం. పోయే."

పోయింది.

వీధిలో ఎండ పల్చగా ఉంది. దూది గాలిలో తేలుతోంది. రాహేలు చేతుల్లో గిన్నె లేదు, తువాలు లేదు, మందుల చీటీ లేదు. చేతులకు ఏం చేయాలో తోచలేదు. కాసేపు కొంగు పట్టుకున్నాయి. కాసేపు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. వేపచెట్టు దాటాక వదిలేశాయి. రెండు పక్కలా ఊగాయి.

చర్చి గుమ్మంలో ఎవరో "స్తోత్రం అక్కా" అన్నారు. రాహేలు కళ్లు గబుక్కున దిండు కోసం వెతికాయి.

తనలో తనే నవ్వుకుంది.

మైకు పెట్టె దగ్గర బాబూరావు. ఆమెను చూసి లేచాడు. "నాన్న దగ్గర ఎవరున్నారు?"

ఆ ప్రశ్న అతని నోట అదే మొదటిసారి.

"కుల్సుం అక్క."

"కుల్సుం అక్కా..." అన్నాడు. చేతిలో వైరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మూడు క్రిస్మస్‌లు మైకు పెట్టె దగ్గర కూర్చున్నవాడు. ఇంటి దాకా పాట పోయేట్టు చూసినవాడు. ఇంట్లో ఎవరు వింటున్నారో ఇప్పుడు తట్టినట్టుంది. ఏదో అనబోయాడు. సమాజాన్ని పిలిచారు.

రాహేలు కళ్లు మూసుకుంది.

కింద ఎత్తుకుంది.

నేలకు దగ్గరగా... జొన్నచేలో గాలిలాగా.

వెనక గొంతులు ఒక్క క్షణం తడబడ్డాయి. తర్వాత ఇల్లు గుర్తుపట్టినట్టు వచ్చి కలిశాయి. పల్లవి. మళ్లీ పల్లవి. చరణానికి బోలెడంత ఆకాశం మిగిలింది. అందరూ ఎక్కారు. ఒక్క గొంతు కూడా రాలలేదు.

ఆ చరణమంతా రాహేలు మామయ్యను మర్చిపోయింది.

పాట అయ్యాక గుర్తొచ్చింది — మర్చిపోయానని. ఉలిక్కిపడింది. చుట్టూ చూసింది. పందిరి నిలబడే ఉంది. బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. ఏమీ పడిపోలేదు.

ఇంటికి వచ్చేసరికి మాస్టారి పాపిడి తప్పు పక్కన ఉంది. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టి ఉన్నాయి. గడ్డాన జావ చుక్క ఆరిపోయింది. రాహేలు చేయి దువ్వెన కోసం లేచింది.

ఆగింది.

తప్పు పాపిడిలో మామయ్య పెళ్లికొడుకులా ఉన్నాడు.

"స్తోత్రం," అన్నాడు ఆమెను చూసి. గట్టిగా. గుండ్రంగా. నిన్నటిదే.

"ఇదా... నీ పాట మొదలైనకాడ్నించీ ఇదే అంటన్నాడు," అంది కుల్సుం చీర అంచుకు అంటిన జావ తుడుచుకుంటూ. "చెయ్యి మంచానికేసి కొడతన్నాడు. తాళం. అది పాటదే రాహేలూ. పాడమని."

రాహేలు మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. మరి నిన్న... నిన్న ఆయన నవ్వింది ఆడించడానికి కాదు.

తనకు తెలియని స్తోత్రం ఒకటుంది. ఎన్నాళ్లనుంచి ఉందో.

కుల్సుం చెప్పులు వేసుకుంది. రాహేలు చటుక్కున లేచింది. వంటింట్లో పళ్లెం ఉంది, పళ్లెంలో కేకు ఉంది... చేయి పళ్లెం దాకా పోయింది. అక్కడే ఉండిపోయింది.

కుల్సుం గుమ్మంలోంచి ఆ చేతినే చూస్తోంది.

రాహేలు పళ్లెం వదిలేసింది. ఒట్టి చేతులతో గుమ్మానికి వచ్చింది.

"ఆదివారం రానా?" అంది కుల్సుం. "నువ్వు గుడికి పోదువు."

'వద్దులే అక్కా, నీకెందుకు శ్రమ' — ఆ మాట నాలుక చివరకు వచ్చేసింది. ఏళ్లుగా అక్కడే కాపురం ఉన్న మాట.

లోపల్నుంచి మామయ్య స్తోత్రం అన్నాడు. ఏ స్తోత్రమో... ఇద్దరూ తల తిప్పి విన్నారు.

మలుపులో పత్తి లారీ పోయింది. వేపకొమ్మ ఊగింది.

దూదిపింజ ఒకటి బయల్దేరింది. తొందర లేదు దానికి. బరువు లేదు. ఇద్దరి మధ్యా, నాలుగు ఒట్టి చేతుల మధ్యా... ఎక్కడ వాలాలో తేల్చుకోకుండా ఊగుతోంది.